షాపులో కొత్తగా చేరారా? లోహం బలాన్ని అంకెల్లో చదవడం ఎలా

నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి చెన్నై చుట్టుపక్కల అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం మెషిన్ షాపుల్లో చేరే మన పిల్లలు మొదటి నెలలో అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఈ పనికి అన్నిటికన్నా బలమైన స్టీలు ఏది?" ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు. లాగితే గట్టిగా నిలిచేది దెబ్బ పడితే పగలవచ్చు. దెబ్బకు ఓర్చుకున్నది పది లక్షల సార్లు ఊగాక విరగవచ్చు. అసలు విరగనిది కూడా మరీ వంగిపోయి పనికిరాకుండా పోవచ్చు. అందుకే మెటీరియల్ పేరుతో మొదలుపెట్టకండి, లోడుతో మొదలుపెట్టండి. కాలిక్యులేటరు, ఒక మిల్లు సర్టిఫికెట్ (స్టీలుతో పాటు మిల్లు ఇచ్చే పరీక్ష ఫలితాల కాగితం) కాపీ దగ్గర పెట్టుకుని చదివితే మంచిది.

1. లోడు ఎలా వస్తోందో కాగితం మీద గీయండి

ముక్క బొమ్మ గీసి, దాని మీద పడే లోడును బాణం గుర్తులతో చూపండి. లాగుతోందా, నొక్కుతోందా, వంచుతోందా, మెలిపెడుతోందా, అడ్డంగా కోస్తోందా? పక్కనే ఆ లోడు నిలకడగా ఉంటుందో, ఒక్కసారిగా పడుతుందో, వస్తూ పోతూ ఉంటుందో రాయండి. ముక్క ఎంత వేడిలో ఉంటుంది, ఏ గాలి తగులుతుంది అన్నది కూడా రాయండి. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని దాటేసి నేరుగా ఈఎన్24 అనే ఖరీదైన బలమైన స్టీలు తెప్పించేవారు చాలామంది ఉన్నారు. ఖర్చు పెరుగుతుంది, ముక్క మాత్రం మళ్లీ అక్కడే విరుగుతుంది.

లాగడానికీ నొక్కడానికీ ఎంత తేడా ఉందో చూడండి. 12 మి.మీ. వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్డును లాగితే దాదాపు 2,880 కిలోల వరకు శాశ్వతంగా సాగకుండా నిలుస్తుంది. అదే రాడ్డును రెండు చివరలా పిన్నులు పెట్టి నిలబెట్టి పైనుంచి నొక్కితే సుమారు 205 కిలోలకే పక్కకు వంగిపోతుంది. పొడవు రెండు మీటర్లయితే 51 కిలోలు చాలు. దీన్నే బక్లింగ్ అంటారు. 18వ శతాబ్దంలో ఆయిలర్ ఇచ్చిన సూత్రంలో పొడవు, అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే ముఖం) ఆకారం, దృఢత్వం (వంగకుండా ఎదురు నిలిచే గుణం) ఉన్నాయి తప్ప స్టీలు బలం ఎక్కడా లేదు. కాబట్టి సన్నగా పొడుగ్గా ఉండి నొక్కుడు భరించే ముక్కకు ఖరీదైన స్టీలు కొనడం దండగ. అదే బరువులో గొట్టం వాడండి.

కొన్ని పదార్థాలకు లాగుడంటేనే గిట్టదు. ఎం25 కాంక్రీటు అంటే 150 మి.మీ. ఘనాన్ని 28 రోజులు క్యూరింగ్ చేసి నొక్కితే చదరపు మి.మీ.కు 25 న్యూటన్లు తట్టుకోవాలి. అదే కాంక్రీటును వంచితే లాగుడు వైపు 3.5 దగ్గరే పగులుతుందని కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456లోని సూత్రం చెబుతుంది. అక్కడ ఇనుప కడ్డీలు వేసేది అందుకే. బూడిదరంగు క్యాస్ట్ ఐరన్‌దీ ఇదే తంతు: మెషిన్ బెడ్డుగా నొక్కుడు భరిస్తూ ఏళ్ల తరబడి నిలుస్తుంది, కొక్కెంగా చేసి వేలాడదీస్తే ముప్పు.

మెలిపెట్టడం గురించి చదవడం కన్నా చేసి చూడటం మేలు. ఒక సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టండి. అడ్డంగా తెగదు, 45 డిగ్రీల ఏటవాలు మెలికతో విరుగుతుంది. మెలిపెట్టినప్పుడు ఏటవాలు దిశలో లాగుడు పుడుతుంది, సుద్ద లాగుడుకు బలహీనం కాబట్టి అక్కడే తెరుచుకుంటుంది. ఎంఎస్ షాఫ్టును మెలిపెట్టి తెంపితే మాత్రం చదునుగా, అడ్డంగా తెగుతుంది, ఎందుకంటే అది ముందు కోతకు లొంగుతుంది. విరిగిన షాఫ్టు చేతికి వచ్చినప్పుడు ముందు ఈ ముఖం చూడండి. ఏటవాలుగా ఉంటే ఆ స్టీలు పెళుసుగా మారి ఉండవచ్చు, హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి చల్లార్చి గుణం మార్చడం) కాగితం అడగండి.

2. లోడును వైశాల్యంతో భాగించండి, కానీ సరైన వైశాల్యంతో

పుస్తకాల్లో ప్రతిబలం అనీ, షాపులో స్ట్రెస్ అనీ అనేది ఇదే: లోడును అది పడే అడ్డుకోత వైశాల్యంతో భాగించగా వచ్చినది. న్యూటన్లను చదరపు మి.మీ.తో భాగిస్తే నేరుగా మెగాపాస్కల్స్ వస్తాయి. ఇకపై ఎంపీఏ అంటాను. పాత మేస్త్రీలు ఇప్పటికీ కిలోల్లోనే చెబుతారు. చదరపు మి.మీ.కు 42 కిలోలు అంటే సుమారు 412 ఎంపీఏ. పాత డ్రాయింగుల్లో ఎస్‌టీ 42 అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఒక ఉదాహరణ. పైకప్పు దూలానికి 12 మి.మీ. రాడ్డు బిగించి, దానికి రెండు టన్నుల చెయిన్ హాయిస్టు వేలాడదీయాలని సూపర్‌వైజరు చెప్పాడు. రెండు టన్నులంటే 19,620 న్యూటన్లు. రాడ్డు వైశాల్యం 113 చదరపు మి.మీ. భాగిస్తే 174 ఎంపీఏ. ఎంఎస్ 250 దాకా ఆగుతుంది కదా, పర్వాలేదు అనిపిస్తుంది.

ఇప్పుడు రాడ్డు పైచివర చూడండి. అక్కడ నట్టు కోసం ఎం12 మరలు కోశారు. మరలు కోసిన చోట లెక్కలోకి తీసుకోవాల్సిన వైశాల్యం 84.3 చదరపు మి.మీ. మాత్రమే. స్ట్రెస్ 233 ఎంపీఏకి చేరింది. పైగా ఎవరూ లోడును మెల్లగా వదలరు. చెయిన్ వదులుగా ఉండగా ఒక్కసారిగా లోడు పడితే స్ట్రెస్ కనీసం రెండింతలవుతుందని సిద్ధాంతం చెబుతుంది. అంటే 466. ఎంఎస్ తెగిపోయే హద్దు 410 దగ్గర మొదలవుతుంది. "పర్వాలేదు" అనుకున్న రాడ్డు కింద మనుషులు నిలబడి పనిచేస్తున్నారు.

ఎం20 వాడితే మరల దగ్గర వైశాల్యం 245, స్ట్రెస్ 80. ఎం24కు 353, స్ట్రెస్ 56. నేనైతే ఎం24 వేస్తాను. రెండు రాడ్ల ధరలో తేడా పెద్దదేమీ కాదు. మనిషి తల మీద వేలాడే దేనికైనా తెగిపోయే హద్దు దాని మీద పడే స్ట్రెస్‌కు అయిదింతలు, అంతకన్నా ఎక్కువ ఉండేలా చూడటం అలవాటు చేసుకోండి. ఎత్తే సామాను ఏదైనా సరే, చట్టప్రకారం సమర్థుడైన వ్యక్తితో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మీ లెక్క దానికి బదులు కాదు.

బోల్టు తలమీద ఉన్న అంకె చదవడం ఇక్కడే నేర్చుకోండి. 8.8 అంటే మొదటి అంకెను వందతో గుణించాలి: తెగే హద్దు 800 ఎంపీఏ. చుక్క తరువాత 8 అంటే అందులో 80 శాతం దగ్గర, అంటే 640 దగ్గర, శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 4.6 అంటే 400, 240. 12.9 అంటే 1,200, 1,080. తలమీద ఏ అంకే లేని బోల్టును లోడు భరించే చోట వాడకండి.

3. ఒక్కసారైనా టెన్సైల్ టెస్టు దగ్గర నిలబడి చూడండి

గిండీలో కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ టెస్టింగ్ సెంటరు ఉంది. అంబత్తూరు చుట్టుపక్కల ఎన్ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. మీ కంపెనీ శాంపిల్ వెళ్లే రోజు మీరూ వెళ్లండి. సర్టిఫికెట్‌లోని అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో అక్కడ కళ్లారా చూడవచ్చు.

లేత్ మీద 12 మి.మీ. వ్యాసానికి తిప్పిన ఎంఎస్ ముక్క అనుకుందాం. దాని మీద 60 మి.మీ. దూరంలో రెండు పంచ్ గుర్తులు వేస్తారు. గుండ్రటి ముక్కలకు ఈ దూరం వ్యాసానికి అయిదింతలు ఉండాలన్నది ఐఎస్ 1608 ప్రకారం మామూలు పద్ధతి. ముక్కను యంత్రం దవడల మధ్య బిగించి లాగడం మొదలుపెడతారు. తెర మీద గీత నిటారుగా, తిన్నగా పైకి వెళుతుంది. ఈ దశలో లోడు తీసేస్తే ముక్క మళ్లీ మొదటి పొడవుకే వస్తుంది. ఎంత లాగితే అంత సాగుతుంది అన్న హుక్ నియమం పనిచేసేది ఇక్కడే.

31 కిలోన్యూటన్ల దగ్గర గీత ఒక్కసారి తడబడుతుంది. యంత్రం లాగుతూనే ఉంటుంది, లోడు మాత్రం పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా. లేత్ ఎక్కని నల్లటి రాడ్డుతోనే టెస్టు చేస్తున్నట్లయితే దాని మీది మిల్లు పొర సన్నని పెళ్లలుగా రాలడం ఇప్పుడే కనిపిస్తుంది. లోపల లోహం పొరలు పొరలుగా జారుతోంది. ఇదే యీల్డ్ పాయింట్. 31.1 కిలోన్యూటన్లను 113.1తో భాగిస్తే 275 ఎంపీఏ. ఇక్కడి నుంచి లోడు తీసినా ముక్క పాత పొడవుకు రాదు.

తరువాత గీత మళ్లీ పైకి లేస్తుంది, ఈసారి నెమ్మదిగా. సాగినకొద్దీ లోహం గట్టిపడుతోంది. 49.2 కిలోన్యూటన్ల దగ్గర శిఖరం చేరుతుంది. అది 435 ఎంపీఏ, ఇంతవరకు తెగే హద్దు అన్నది, సర్టిఫికెట్‌లో యూటీఎస్ అనేది ఇదే. శిఖరం దాటాక ముక్క మధ్యలో ఒక చోట మెడలా సన్నబడుతుంది. లోడు తగ్గుతుంది, మెడ ఇంకా సన్నబడుతుంది, ఫటేల్మని తెగుతుంది. ఆపరేటరు ఒప్పుకుంటే ఆ మెడ దగ్గర వేలు పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోహాన్ని సాగదీయడానికి పెట్టిన పని దాదాపు అంతా వేడిగా మారింది. తెగిన ఒక ముఖం చిన్న గిన్నెలా, రెండోది ఆ గిన్నెలో సరిపోయే మూతలా ఉంటాయి.

రెండు ముక్కలను మళ్లీ ఒకదానికొకటి ఆనించి పంచ్ గుర్తుల మధ్య కొలవండి. 60 ఉన్నది 75 అయితే సాగుదల 25 శాతం. చాలామంది ఈ అంకెను పట్టించుకోరు. నా దృష్టిలో సర్టిఫికెట్‌లోని టెస్టు అంకెల్లో మొదట చూడాల్సింది ఇదే. సాగుదల ఉన్న లోహం వంగి, సాగి, చప్పుడు చేసి మనకు చెబుతుంది. అది లేని లోహం చెప్పకుండా పోతుంది. భూకంప ప్రాంతాల్లో ఎఫ్ఈ 500 కన్నా ఎఫ్ఈ 500డి కడ్డీలు వాడమనడం వెనుక ఉన్నది ఇదే. యీల్డ్ రెండింటికీ 500, సాగుదల మాత్రం మొదటిదానికి కనీసం 12 శాతం, రెండోదానికి 16.

అల్యూమినియం ముక్క పెడితే ఆ తడబాటు కనిపించదు, గీత మెల్లగా ఒరుగుతుంది. యీల్డ్ ఎక్కడో తేల్చడానికి 0.2 శాతం శాశ్వత సాగుదల మిగిల్చే స్ట్రెస్‌ను తీసుకుంటారు. సర్టిఫికెట్ మీద ప్రూఫ్ స్ట్రెస్ అని కనిపించేది ఆ అంకె. క్యాస్ట్ ఐరన్ ముక్క అయితే మెడ లేదు, గిన్నె లేదు, చదునైన గరుకు ముఖంతో టక్కున తెగుతుంది. ఎఫ్‌జీ 200 అన్న క్యాస్ట్ ఐరన్ గ్రేడు పేరులోని 200 దాని యూటీఎస్. దానికి యీల్డ్ అంకె ఇవ్వరు.

4. దృఢత్వాన్ని బలంతో కలపకండి

డిజైన్ రివ్యూల్లో ఎక్కువ గొడవ ఇక్కడే జరుగుతుంది. ఒక బ్రాకెట్ మరీ వంగుతోందని ఎంఎస్ తీసేసి ఈఎన్24 వేస్తారు. ఖర్చు పెరిగింది, వంపు మిల్లీమీటరు కూడా తగ్గలేదు. కారణం, టెన్సైల్ టెస్టులో చూసిన తిన్నని గీత వాలు చెప్పే యంగ్ గుణకం అన్ని స్టీళ్లకూ దాదాపు ఒకటే: రెండు లక్షల ఎంపీఏ. మెత్తటి ఎంఎస్, హార్డెనింగ్, టెంపరింగ్ చేసిన టీ కండిషన్‌లో 850 పైన యూటీఎస్ ఉన్న ఈఎన్24, రెండూ ఒకే లోడుకు ఒకేలా వంగుతాయి. ఈఎన్24 ఎక్కువ లోడు దాకా తిరిగి లేస్తుంది, అంతే.

ఇంకో వైపు నుంచి చూడండి. 6061-టీ6 (వేడిచేసి గట్టిపరిచిన) అల్యూమినియం యీల్డ్ సుమారు 275, ఎంఎస్‌కు తీసిపోదు. బరువు మూడో వంతు. ఎంఎస్ బ్రాకెట్ కొలతలతోనే అల్యూమినియం బ్రాకెట్ చేస్తే విరగదు, కానీ దాని యంగ్ గుణకం 70,000 దగ్గరే కాబట్టి దాదాపు మూడింతలు వంగుతుంది. వెల్డింగ్ చేస్తే మరో నష్టం: వెల్డు పక్కన వేడి తగిలిన పట్టీలో టీ6 గుణం పోయి యీల్డ్ సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. డ్రాయింగ్‌లో టీ6 అని రాసి, వెల్డ్ గుర్తు వేసి, 275తో లెక్క కట్టిన కాగితం కనబడితే వెనక్కి పంపండి.

వంపు తగ్గించాలంటే ఆకారం మార్చండి. 50 × 10 మి.మీ. పట్టీని పడుకోబెట్టి వాడుతున్నారా? నిలబెట్టి వాడితే దృఢత్వం 25 రెట్లు, వంపులో బలం 5 రెట్లు పెరుగుతాయి. రూపాయి ఖర్చు లేదు.

5. దెబ్బ, చలి, పెళుసుదనం

హార్డ్‌నెస్ ఎక్కువైతే దెబ్బకు కూడా ఓర్చుకుంటుందనుకోవడం పొరపాటు. లోహం రాసే ఫైలును (ఆకురాయి) నేలమీద పడేస్తే విరగవచ్చు, ఎంఎస్ రాడ్డు విరగదు. హార్డ్‌నెస్ చెప్పేది గీతకు, గుంటకు, అరుగుదలకు ఎంత ఎదురు నిలుస్తుందో. అయితే దానితో ఒక మంచి ఉపయోగం ఉంది. స్టీళ్లలో బ్రినెల్ హార్డ్‌నెస్ అంకెను 3.45తో గుణిస్తే యూటీఎస్ ఉజ్జాయింపుగా వస్తుంది. 200 బ్రినెల్ ఉన్న ముక్క 690 ఎంపీఏ దగ్గర ఉంటుంది. సర్టిఫికెట్ లేని ముక్కను గుర్తుపట్టడానికి ఇది దారి చూపుతుంది, తీర్పు ఇవ్వదు.

దెబ్బకు ఓర్పును చార్పీ టెస్టులో జూల్స్‌లో కొలుస్తారు. గాటు పెట్టిన చిన్న ముక్కను ఊగే సుత్తితో కొట్టి, అది ఎంత శక్తి మింగిందో చూస్తారు. ఐఎస్ 2062 అనే భారత ప్రమాణం కింద వచ్చే స్టీలు ప్లేట్ల పేరు చివర ఉండే అక్షరాలు దీనికే: ఎ అంటే చార్పీ నియమం లేదు, బీఆర్ అంటే కొనేవారు కోరితే గది వేడిమిలో, బీ0 అంటే సున్నా డిగ్రీల వద్ద, సి అంటే మైనస్ 20 వద్ద పరీక్షించాలి. చెన్నైలో చలి ఎక్కడిది అనకండి. శీతల గిడ్డంగికి చేసే ఫ్రేములు ఇక్కడే తయారవుతాయి. ఎన్నూరులో 2019లో మొదలైన ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) టెర్మినల్‌కు వచ్చే సరుకు మైనస్ 162 డిగ్రీల్లో ఉంటుంది. ఆ చలిలో మామూలు ఎంఎస్ గాజులా పగులుతుంది. అక్కడ 9 శాతం నికెల్ స్టీలు, 304 తరహా స్టెయిన్‌లెస్ వంటివే పనికొస్తాయి.

6. వస్తూ పోతూ ఉండే లోడు: ఇక్కడే ఎక్కువ ముక్కలు విరుగుతాయి

యీల్డ్‌లో సగం కూడా దాటని లోడు కింద షాఫ్టు విరిగిందని ఎవరైనా చెబితే ఆశ్చర్యపోకండి. లోడు ఎన్నిసార్లు వచ్చి పోయిందో అడగండి.

రైలు ఇరుసును తీసుకోండి. పెట్టె బరువుకు ఇరుసు వంగి ఉంటుంది, అదే సమయంలో తిరుగుతూ ఉంటుంది. కాబట్టి దాని ఉపరితలం మీది ప్రతి బిందువూ ఒక్కో చుట్టులో ఒకసారి లాగుడుకు, ఒకసారి నొక్కుడుకు లోనవుతుంది. పెరంబూరు ఫ్యాక్టరీలో తయారయ్యే ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా) రైలు పెట్టెల కొత్త చక్రం వ్యాసం 915 మి.మీ. చుట్టుకొలత 2.87 మీటర్లు. చెన్నై సెంట్రల్ నుంచి విజయవాడకు దాదాపు 430 కిలోమీటర్లు. అంటే మనం పండగకు ఊరెళ్లే ఒక్క ప్రయాణంలో ఇరుసు లక్షా యాభై వేల సార్లు అటూ ఇటూ వంగుతుంది. ఏడు ప్రయాణాల్లో పది లక్షలు దాటుతుంది. 1842లో పారిస్ దగ్గర వెర్సాయ్ రైలు ప్రమాదం ఇరుసు విరగడంతోనే జరిగింది. తరువాత జర్మన్ రైల్వే ఇంజనీరు వోలర్ 1850లు, 60లలో ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఒక హద్దుకు లోపల ఉంచితే స్టీలు ఎన్ని లక్షల సార్లయినా విరగదని తేల్చాడు.

మెరుగుపెట్టిన స్టీలు ముక్కకు ఆ హద్దు యూటీఎస్‌లో సుమారు సగం. కానీ మీ ముక్క మెరుగుపెట్టిన ముక్క కాదు. లేత్ గీతలు, తుప్పు గుంటలు, పెద్ద సైజు, వెల్డు, ఇవన్నీ హద్దును కిందికి లాగుతాయి. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దే లేదు. తక్కువ లోడైనా సరే, ఎప్పటికో ఒకప్పటికి పగులు పుడుతుంది. 1954లో కామెట్ విమానాలు రెండు గాలిలోనే విచ్ఛిన్నమైంది ఇలా పదేపదే లోడు పడటంతో వచ్చే అలసట (ఫెటీగ్) వల్లే. ప్రతి ప్రయాణంలో ఒకసారి ఉబ్బి తగ్గిన క్యాబిన్‌లో పగులు మొదలైంది.

పగులు ఎక్కడ పుడుతుంది? స్ట్రెస్ గుమిగూడే చోట. వెడల్పాటి ప్లేటులో గుండ్రటి రంధ్రం చేస్తే దాని అంచున స్ట్రెస్ మూడింతలవుతుంది. షాఫ్టు వ్యాసం మారే చోట పదునైన మూల ఉంటే, కీ గాడి మూల పదునుగా ఉంటే, మరల చివర ఆగిన చోట గాటు ఉంటే అదే పరిస్థితి. అందుకని లేత్ ఆపరేటరుకు డ్రాయింగ్ ఇచ్చేటప్పుడు ప్రతి మెట్టు దగ్గర రేడియస్ ఎంతో రాయండి. రాయకపోతే అతని టూలు మొన ఎలా ఉంటే అలా కోస్తాడు, అతని తప్పేమీ లేదు. స్టీలు గ్రేడు పెంచడం కన్నా ఒక మూలను గుండ్రం చేయడం వల్ల షాఫ్టు ఎక్కువ కాలం బతికిన సందర్భాలు ఏ షాపులో అడిగినా చెబుతారు.

విరిగిన ముఖాన్ని పారేయకండి, చదవండి. అలసటతో విరిగిన ముఖం మీద ఒక అంచు నుంచి మొదలై అర్ధచంద్రాకారపు గీతలు వరుసగా విస్తరిస్తాయి. ఆ భాగం రాసుకుని నున్నగా ఉంటుంది. మిగిలిన భాగం గరుకుగా, ఆఖరున ఒక్కసారిగా తెగినట్లు ఉంటుంది. గరుకు భాగం చిన్నదైతే లోడు తక్కువే, పగులు చాలాకాలం పాకింది. పెద్దదైతే లోడు మరీ ఎక్కువ. ఆ గీతలు మొదలైన చోటే మీ దోషి ఉంటుంది: గాటు, తుప్పు గుంట, వెల్డు మచ్చ, ఏదో ఒకటి. ముఖాన్ని వైరు బ్రష్షుతో తోమితే ఆ ఆధారం పోతుంది.

ఇంకో మాట. పుదుపేటలో పాత బండ్ల విడిభాగాలు చౌకగా దొరుకుతాయి. పాత యాక్సిల్ షాఫ్టు తెచ్చి, లేత్ మీద తిప్పి కొత్త యంత్రానికి వేసే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. స్టీలు మంచిదే కావచ్చు. కానీ దాని మీద ఎన్ని లక్షల చుట్లు గడిచాయో, లోపల ఎంత పగులు ఉందో చూపించే గుర్తు పైకి ఏదీ ఉండదు. జిగ్గుకో స్టాండుకో వాడుకోండి, తిరిగే ముక్కకు వద్దు.

7. వేడి, సముద్రపు గాలి, ప్లేటింగ్

రెండు వైపులా బిగించిన స్టీలు ఒక్కో డిగ్రీ వేడెక్కితే 2.4 ఎంపీఏ స్ట్రెస్ పుడుతుంది, ఏ లోడూ పెట్టకుండానే. మే నెలలో మేడ మీద గొట్టం తెల్లవారుజాముకు, మధ్యాహ్నానికి మధ్య 30 డిగ్రీలు మారితే 72 ఎంపీఏ. ఒక చివరను జారనివ్వండి, సరిపోతుంది.

మామూలు కార్బన్ స్టీలు 400 డిగ్రీలు దాటాక నిలకడ లోడుకే నెలల తరబడి మెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బాయిలర్ గొట్టాలకు క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీళ్లు వాడేది దీని వల్లే. మీ పని ఆ వేడికి వెళ్లకపోతే దీన్ని ఇంతటితో వదిలేయవచ్చు.

ప్లేటింగ్ సంగతి మాత్రం వదిలేయకండి. 12.9 అలెన్ బోల్టులు తుప్పు పడుతున్నాయని జింకు ప్లేటింగ్‌కు పంపుతారు. యాసిడ్ స్నానంలోనూ, ప్లేటింగ్‌లోనూ హైడ్రోజన్ లోహంలోకి చొరబడుతుంది. అంత గట్టి స్టీలును అది పెళుసుగా చేస్తుంది. బోల్టు బిగించినప్పుడు ఏమీ కాదు. మర్నాడో ఆ మర్నాడో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడి పడుతుంది. 8.8కు ఈ బెడద చాలా తక్కువ. 12.9 తప్పదనుకుంటే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు సుమారు 200 డిగ్రీల వద్ద గంటల తరబడి బేకింగ్ చేయాలని ఆర్డరులోనే రాయండి. లేదా ప్లేటింగ్ మానేసి జింకు ఫ్లేక్ పూత వేయించండి.

తీరం దగ్గర 304 స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదన్న ధీమా కూడా వద్దు. ఉప్పు గాలికి గుంటలు పడతాయి. 60 డిగ్రీలు దాటిన వేడి, ఉప్పు, లాగుడు మూడూ కలిస్తే కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. ఎన్నూరు, రాయపురం వైపు పనులకు 316 అడగండి.

8. సర్టిఫికెట్ చదివి, ఆర్డరు రాయండి

ఇప్పుడు సర్టిఫికెట్ తీయండి. మొదట హీట్ నంబరు (ఒకే విడతలో కరిగించిన స్టీలుకు మిల్లు ఇచ్చే నంబరు) చూసి, అది ప్లేటు మీద కొట్టిన నంబరుతో సరిపోతోందో లేదో పోల్చండి. సరిపోకపోతే మిగతాది చదవాల్సిన పని లేదు. తరువాత యీల్డ్, యూటీఎస్, సాగుదల. ఐఎస్ 2062లో మామూలు ఎంఎస్ గ్రేడైన ఇ250కు కనీసాలు 250, 410, 23 శాతం. ప్లేటు మందం 20 మి.మీ. దాటితే యీల్డ్ కనీసం 240కి, 40 దాటితే 230కి తగ్గుతుంది. మందం ప్లేటుకు కూడా 250 వేసి లెక్క కట్టడం తరచూ కనిపించేదే.

సర్టిఫికెట్‌లో యీల్డ్ 310 అని ఉంటే సంతోషించండి, కానీ లెక్కలో 250నే వాడండి. ఆ 310 ఆ హీట్ నుంచి కోసిన శాంపిల్‌ది. మళ్లీ ఆర్డరు పెట్టినప్పుడు 265 వచ్చినా మిల్లు నియమం పాటించినట్టే, మీరు వద్దనలేరు.

ఆర్డరులో "మంచి ఎంఎస్" అని రాసే షాపుకు దొరికిందే వస్తుంది. గ్రేడు, సబ్ గ్రేడు అక్షరం, మందం, హీట్ ట్రీట్‌మెంట్ కండిషన్, సర్టిఫికెట్ కావాలన్న షరతు రాయండి. ఈఎన్8, ఈఎన్24 అయితే కండిషన్ తప్పనిసరి. హార్డెనింగ్, టెంపరింగ్ చేయని ఈఎన్24 నుంచి 850 ఎంపీఏ ఆశించకండి. సరుకు దిగాక ప్లేటును కోసేటప్పుడు హీట్ నంబరు ఒక ముక్క మీదే మిగిలిపోతుంది. కోత మొదలుపెట్టే ముందే ప్రతి ముక్క మీదా ఆ నంబరు పంచ్ కొట్టించండి, మిగులు ముక్క ర్యాకులోకి వెళ్లేటప్పుడు దాని మీద కూడా.